లేబుల్ చదివే చాచా

చాచా పోయాడని సింహాచలం ఫోన్ చేసేసరికి నేను మద్దిలపాలెం జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. "రాత్రి బాగానే తిన్నాడంట. తెల్లారి లేపితే లేవనేదంట" అన్నాడు. నా బస్సు వచ్చి వెళ్లిపోయింది. సింహాచలం మా గోడౌన్‌లో కలాసీ, బరువులెత్తే మనిషి. ఒకప్పుడు ఇదే చాచాని తన గుమ్మంలోంచి రెండు చేతుల్తో తోసేశాడు. ఇప్పుడు ఫోన్లో ముక్కు ఎగబీలుస్తున్నాడు.

నేను ఆయన్ని చాచా, అంటే బాబాయ్, అనేదాన్ని. అసలు పేరు ఇక్కడ రాయను. ఆయన కూడా ఎక్కడా రాసుకోలేదు. వన్‌టౌన్‌లో దుకాణాల బోర్డులు రాసే కుటుంబం వాళ్లది. తక్కిన పెయింటర్లు బోర్డు మూలన చిన్నగా తమ పేరు వేసుకునేవారు. ఈయన వేసేవాడు కాదు. "బోర్డు సెప్పాల్సింది కొట్టు గురించి. నా గురించి ఎవుడికి కావాలి?" అనేవాడు. ఫ్లెక్సీలొచ్చి బోర్డుల పని పోయాక, మా గోడౌన్లో పెట్టెల మీద అడ్రసులు రాయడానికి చేరాడు. మెల్లగా చెకర్ అయ్యాడు. వచ్చిన సరుకుని కాగితంతో పోల్చి చూసి, లోపలికి రానిచ్చే పని అది.

చేతికి ఏదొచ్చినా ముందు తిప్పి చూడటం ఆయన అలవాటు. బిస్కట్ ప్యాకెట్ ఇస్తే విప్పేముందు దాని వెనక రాసిందంతా చదివేవాడు. దోమల మందు డబ్బా మీద పిల్లలకి అందనీయవద్దు అని ఉంటే, దాన్ని పట్టుకెళ్లి పై అరలో పెట్టి వచ్చేవాడు. ఒకసారి సిటీ బస్సులో పక్కావిడ చేతిలో మాత్రల అట్ట చూసి, "అమ్మా, ఒకసారి ఇత్తావా" అని తీసుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చివరికి నాకందించి, "తారీఖు సదువు" అన్నాడు. తారీఖు దాటిపోయింది. ఆవిడ మందుల షాపుకి వెనక్కి వెళ్లిందో లేదో కనుక్కోడానికి ఆమెతో పాటు బస్సు దిగేశాడు. నేను ఒక్కదాన్నీ ఇంటికెళ్లాను.

నేను ఆ గోడౌన్‌లో చేరింది బిల్లులు టైపు చెయ్యడానికి. మాది విజయనగరం అవతల పల్లె, మా నాన్నది వ్యవసాయం. మల్కాపురంలో గది తీసుకున్నాను. అక్కణ్నుంచి గోడౌన్‌కి నడిచే దూరం. మందులు, రసాయనాలు, ఆసుపత్రి సామాన్లు మా దగ్గర దిగి, ఎవరివి వాళ్లకి చేరేవి. వాటిలో వారానికి రెండో మూడో రేడియోయాక్టివ్ పెట్టెలు ఉండేవి. కొన్ని థైరాయిడ్‌కీ గుండెకీ చేసే స్కానింగుల కోసం ఆసుపత్రులకి వెళ్లేవి. కొన్ని, పెద్ద పైపుల అతుకుల్లో పగుళ్లున్నాయేమో ఫోటో తీసి చూసే కాంట్రాక్టర్లవి.

చేరిన మూడో రోజు అలాంటి పెట్టె ఒకటి వ్యాన్లోంచి దిగింది. దాని మీద ఆ గుర్తు చూడగానే నేను రెండడుగులు వెనక్కి వేసి చున్నీతో ముక్కు మూసుకున్నాను. చాచా పకపకా నవ్వాడు.

"ముక్కు మూసుకుంటే ఆగిపోతాదా? ఇదేటి, ఎండుసేపల బుట్టా? ఇలా రా. సదువు."

ఆ లేబుల్ గాలిపటంలా మూల మీద నిలబెట్టిన చతురస్రం. పై సగం పసుపు, కింది సగం తెలుపు. పైన నల్లగా మూడు రేకుల గుర్తు. రేడియోయాక్టివ్ అన్న మాట పక్కన నిలువుగా ఎర్ర గీతలు. అన్నిటికీ కింద, మూలలో, రేడియోయాక్టివ్ సరుకు తరగతిని చెప్పే ఏడు అంకె.

"గీతలెన్ని?"

"రెండు."

"ఒకటే ఉంటే లేబులంతా తెల్లగా ఉంటాది. దానికి పెట్టె బయటికి ఇంచుమించు ఏటీ రాదు. రెండుంటే కొంచెం వత్తాది. మూడుంటే పని సూసుకుని పక్కకి వచ్చేయాల. ఇప్పుడు కిందకి రా. అక్కడ లోపలున్న సరుకు పేరుంది. దాని కింద బలం ఎంతో ఉంది. ఆ కింద గడిలో?"

"సున్నా పాయింట్ ఆరు."

"అదీ మన అంకె. పెట్టెకి మీటరు దూరంలో నిలబడితే ఎంత తగుల్తాదో సెప్పేది అదే. లోపల పులి ఉన్నా బోను గట్టిదైతే ఆ అంకె చిన్నగా ఉంటాది. ఎంతుంటే అంతే భయపడు. ఎక్కువ భయపడ్డావనుకో, పని సెయ్యలేవు. తక్కువ భయపడ్డావనుకో, ఏదో ఒకరోజు దెబ్బ తింతావు."

అప్పుడు పెట్టె అవతలి వైపుకి తీసుకెళ్లాడు. అక్కడా అదే లేబుల్. "రెండు వైపులా ఒకే మాట సెప్పాల. ఇటొకటి అటొకటి సెప్తే దాన్ని లోపలికి రానివ్వకు" అన్నాడు. కాగితంలో ఉన్నదీ పెట్టె మీద ఉన్నదీ నాచేత మళ్లీ చదివించి, సంతకం పెట్టి, ఆ పెట్టెని మనుషులు మసలని గదిలో పెట్టించాడు.

ఆ రోజు మొదలు ప్రతి పెట్టెకీ నన్ను పిలిచేవాడు. "నువ్వు సదువు, నాను వింతాను." నాకు పని నేర్పుతున్నాడనుకున్నాను. బిల్లులు వదిలేసి వెళ్తున్నానని మేనేజర్ విసుక్కుంటే కూడా, చాచా పిలిస్తే వెళ్లేదాన్ని. ఎవరూ అంత ఓపిగ్గా నాకు ఏదీ నేర్పలేదు మరి.

ఆయనకి కోపం వచ్చేది ఖాళీ పెట్టెల దగ్గర. లోపలి సరుకు వాడేశాక ఆసుపత్రులు పెట్టెల్ని వెనక్కి పంపేవి. పాత లేబుల్ పీకేసి, ఖాళీ అని రాసిన తెల్ల చీటీ అతికించి పంపాలి. తొందరలో కొందరు పాత లేబుల్ అలాగే వదిలేసి, పక్కన ఓ చీటీ అంటించి తోసేసేవారు. కలాసీలు మధ్యాహ్నం ఆ పెట్టెల మీద కూర్చునే క్యారేజీలు విప్పేవారు.

"లెగు, లెగు" అని అదిలించేవాడు చాచా.

"ఖాళీయే కదా భాయ్" అనేవాడు సింహాచలం, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

"ఖాళీయే. ఇవాళ పసుపు లేబులు మీద కూకుని ఏటీ అవ్వనేదనుకుంతావు. రేపు నిండుదాని మీద కూకుంతావు."

లేచేవారు. ఆయన అటు వెళ్లగానే మళ్లీ కూర్చునేవారు.

ఒకరోజు నాకు జ్వరం తగిలి పొద్దున్న పనికి వెళ్లలేదు. మధ్యాహ్నం కాస్త తగ్గాక వెళ్లేసరికి ఆఫీసు ఫోన్ మోగుతోంది. ఆసుపత్రి వాళ్లు. పొద్దున్న రావాల్సిన పెట్టె రాలేదట, స్కానింగ్ కోసం మనుషులు పరగడుపున కూర్చున్నారట. రిజిస్టర్ తీశాను. వ్యాను వచ్చింది. పెట్టెలు దిగాయి. నిండుది ఒకటి ఉండాల్సిన చోట లేదు, ఖాళీల లెక్కలో ఒకటి ఎక్కువుంది. చాచా సంతకం ఉంది.

ఖాళీల మూలకి పరుగెత్తాను. సింహాచలం అక్కడే ఉన్నాడు. అన్నం తినేసి, పెట్టె మీద కూర్చుని, గోడకి ఆనుకుని, పైకి మడిచి కట్టిన లుంగీ మీద చేతులు పెట్టుకుని నిద్రపోతున్నాడు. అతని కాళ్ల మధ్య నుంచి నాకు రెండు ఎర్ర గీతలు కనిపించాయి. పక్కనున్న తెల్ల చీటీ మీద, జాగ్రత్తగా దించండి అని రాసి ఉంది. ఖాళీ అని కాదు.

"సింహాచలం, లెగు" అన్నాను. భుజం పట్టి కుదిపాను.

ఆసుపత్రి నుంచి రేడియేషన్ భద్రత చూసే అధికారి మీటరు పట్టుకుని వచ్చాడు. పెట్టె చుట్టూ కొలిచాడు. ఎంతసేపు కూర్చున్నాడో అడిగాడు. గంటన్నర అని తేలింది. కాగితం మీద లెక్క వేసి, "పెట్టె చెక్కుచెదరలేదు. ఒక సీటీ స్కాన్ తీయించుకుంటే పడేదానికన్నా చాలా తక్కువ ఇది. ఏమీ కాదు, భయపడకు" అని సింహాచలానికి చెప్పి, పెట్టెని తీసుకుని వెళ్లిపోయాడు. సింహాచలం తల ఊపాడు. ఒక్క ముక్క కూడా చెవికెక్కలేదని మొహం చూస్తే తెలుస్తోంది. అతని భార్య లక్ష్మికి అప్పుడు అయిదో నెల.

సాయంత్రం మేనేజర్ నన్నూ చాచానీ లోపలికి పిలిచాడు. ఆయన రిపోర్టు ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. కలాసీ తన ఇష్టం వచ్చినట్టు పెట్టెని నిండు పెట్టెల గదిలోంచి ఖాళీల దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు, అంతే. "చెకర్ మీద రాస్తే కంపెనీకి మాటొస్తుంది. వాడిదైతే ఒక మెమోతో పోతుంది" అన్నాడు.

చాచా కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"ఆడు జరపనేదు సార్. నానే అక్కడ పెట్టించాను."

"ఎందుకు పెట్టించావ్? లేబుల్ చూసుకోలేదా?"

"సూసాను. కనపడనేదు."

మేనేజర్‌కి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. బస్సులో మాత్రల అట్టని దూరంగా, దగ్గరగా పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. నువ్వు సదువు, నాను వింతాను.

"శుక్లాలు సార్, రెండు కళ్లకీ. ఏడాది దాటింది. పసుపు రంగు తెలుస్తాది, గీతలు అలుక్కుపోతాయి. అక్షరాలు అసలు తెలవట్లేదు. ఈ పిల్ల ఉన్న రోజున ఈ పిల్ల కళ్లతో సూసేవోణ్ని. ఇవాళ ఈ పిల్ల నేదు. తెల్ల చీటీ ఉంది కదాని ఖాళీ అనుకున్నాను." మళ్లీ తనే, "బరువుని బట్టి కూడా తెలవదు. లోపల సీసం ఉంటాది, నిండుదైనా ఖాళీదైనా ఒకేలా ఉంటాది" అన్నాడు. అది కూడా మేనేజర్‌కి తెలియాల్సిన విషయమే అన్నట్టు.

"ఇదంతా రాస్తే నీ ఉద్యోగం పోతుంది."

"రాయండి సార్. నాకు రాయడానికి కళ్లు కనపడవు, లేపోతే నానే రాద్దును."

బయటికొచ్చాక నేను ఏడ్చాను. నాకెందుకు చెప్పలేదని అడిగాను. "సెప్తే నువ్వు ఆ రోజే మేనేజరుకి సెప్పాలి కదా తల్లీ. సెప్పకపోతే అది నీ తప్పవుతాది. అంచేత నీకు సెప్పనేదు" అన్నాడు. తర్వాత తనే, "అది కూడా అబద్ధమే. భయపడ్డాను" అన్నాడు.

సింహాచలం పనికి రావడం మానేశాడు. మల్కాపురంలో మా వీధికి పై వరసలోనే వాళ్ల ఇల్లు. ఆ ఇంటి సంగతులు నాకు లక్ష్మి చెప్పేది. భర్త ఇంట్లోకి రావడం లేదు. గుమ్మం పక్కన మేడ మెట్ల కింద పడుకుంటున్నాడు. కంచం వేరు, గ్లాసు వేరు, బట్టలు తనే ఉతుక్కుని విడిగా ఆరేసుకుంటున్నాడు. ఆమె దగ్గరికి వెళ్తే, "నా ఒంట్లో అది ఉన్నాది, రాకు, కడుపులో బిడ్డకి అంటుకుంతాది" అని అరుస్తున్నాడు. వీధిలో కూడా ఒకరిద్దరు అతన్ని చూసి తప్పుకోవడం మొదలుపెట్టారు.

నేను వెళ్లి చెప్పి చూశాను. వినలేదు. అప్పుడు చాచా వెళ్లాడు. నేను వెంట వెళ్లాను, వాళ్ల వీధి మెట్లు ఎక్కడానికి ఆయనకి చెయ్యి కావాలి.

మెట్ల కింద సింహాచలం ఎదురుగా నిలబడి మొదట ఆ మాటే చెప్పాడు. "తప్పు నాది బాబూ. కళ్లు కనపడక నిండుదాన్ని ఖాళీల్లో పెట్టించాను."

"నీకు కళ్లు కనపడవా?" సింహాచలం లేచి నిలబడ్డాడు. "రోజూ మమ్మల్ని తిట్టీవోడివి! కనపడనోడివి సంతకం ఎలా ఎట్టావు? నా పెళ్లాం కడుపుతో ఉన్నాది, తెల్సా నీకు?" అని రెండు చేతుల్తో గుమ్మం దగ్గర్నుంచి తోశాడు. చాచా గోడకి తగిలి, కళ్లద్దాలు కిందపడ్డాయి. నేను అరిచాను. ఆయన వంగి తడుముకుంటూ కళ్లద్దాలు వెతుక్కుని పెట్టుకుని, "రేపొస్తాను" అన్నాడు.

మర్నాడు వెళ్లాడు. సింహాచలం అటు తిరిగి పడుకున్నాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. వన్‌టౌన్ నుంచి బస్సులో రావడం, మెట్లు ఎక్కడం, గుమ్మంలో కూర్చోవడం, ఓ గంటయ్యాక వెళ్లిపోవడం. నాలుగో రోజో అయిదో రోజో జేబులో టార్చిలైటు పెట్టుకొచ్చాడు. మధ్యాహ్నం వేళ, కానీ మెట్ల కింద చీకటిగా ఉంటుంది. సింహాచలం వీపు మీద లైటు వేశాడు.

"ఏటది?" అన్నాడు సింహాచలం, తిరక్కుండానే.

"లైటు. నీమీద పడతన్నాది." ఆర్పేశాడు. "ఇప్పుడు నీ వీపుకి వెలుగు అంటుకుని ఉన్నాదా?"

సింహాచలం చేత్తో వీపు తడుముకున్నాడు.

"ఆ పెట్టెలోంచి వచ్చింది అలాంటిదే. లేచిపోయావు, ఆగిపోయింది. పెట్టె పగిలి లోపలి సరుకు కారి ఉంటే, అప్పుడు ఒంటికి అంటుకునీది. పెట్టె పగలనేదు. ఆ ఆఫీసరు నీ ఒంటి మీద కూడా మీటరు పెట్టి సూసాడా నేదా?"

"సూసాడు."

"మోగిందా?"

"నేదు."

"మరి నీ దగ్గర ఏటుంది, లక్ష్మికి ఇవ్వడానికి?"

చాచా చెయ్యి చాపి, సింహాచలం విడిగా పెట్టుకున్న గ్లాసు తడిమి పట్టుకున్నాడు. అడుగున సగం నీళ్లున్నాయి. తాగేశాడు. "నాకూ మనవలున్నారు. ఇప్పుడింటికెళ్లి ఆళ్లని ఎత్తుకుంతాను. ఎత్తుకోవద్దంటావా?"

సింహాచలం ఇటు తిరిగి లేచి కూర్చున్నాడు. గుమ్మం అవతల నిలబడ్డ లక్ష్మి, ఇద్దర్నీ లోపలికి రమ్మంది. ఆ రోజు సింహాచలం ఇంట్లో తిన్నాడు. వేరే కంచమే, కానీ ఇంట్లో. ఇంకో వారానికి పనిలోకి వచ్చాడు. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగా. ఆసుపత్రిలో పిల్లని మొదట ఎత్తుకున్న బయటివాడు చాచానే. సింహాచలమే తెచ్చి చేతుల్లో పెట్టాడు. కనపడుతోందా అని అడిగితే, "మసగ్గా ఉన్నాది. అయినా బాగుంది" అన్నాడు.

చాచా ఉద్యోగం పోయింది. దానధర్మాల మీద నడిచే ఒక ఆసుపత్రిలో ముందు ఒక కన్నుకీ, కొన్నాళ్లకి రెండోదానికీ ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజు వరండాలో ఉన్న బోర్డులన్నీ చదువుకుంటూ వచ్చి, ఒకదాంట్లో దీర్ఘం తప్పిందని నర్సుకి చెప్పాడట. తర్వాత ఫిషింగ్ హార్బర్‌లో పడవల మీద పేర్లూ నంబర్లూ రాసే పని మొదలుపెట్టాడు. పడవలకి ఇంకా ఫ్లెక్సీలు రాలేదు కదా. ఉప్పుగాలికి రంగు ఎగిరిపోతుంది, ఏటేటా మళ్లీ రాయాలి. ఆ పని ఆయనకి బాగా నచ్చింది.

చెకర్ పని నాకిచ్చారు. మొదట్లో ప్రతి పెట్టెనీ నాలుగు వైపులా తిప్పి చూసేదాన్ని. ఒంటరిగా ఉన్నా పైకి చదివేదాన్ని. రెండేళ్లు గడిచాక చెయ్యి దానంతట అదే సంతకం పెట్టడం మొదలుపెట్టింది.

ఒక శనివారం ఒంటిపూట పనయ్యాక వన్‌టౌన్‌లో వాళ్లింటికి వెళ్లాను. చాచీ, అంటే ఆయన భార్య, చేపల పులుసు చేసింది. ముగ్గురికీ పళ్లేలు పెట్టింది. చాచా హార్బర్ కబుర్లు చెబుతూ మధ్యలో మామూలుగా అడిగాడు, "పొద్దున్న ఏటొచ్చాయి?"

"రెండు. ఒకటి తెల్ల లేబుల్, ఒకటి పసుపు."

"పసుపుదానికి ఎన్ని గీతలు?"

రెండు అని చెప్పబోయాను. నోరు తెరిచాక తెలిసింది, నేను చూడలేదని. వ్యాను డ్రైవర్ తొందరపెడుతుంటే కాగితం మీద ఉన్నది చూసి సంతకం పెట్టేశాను. కాగితం మీద రెండని ఉంది. పెట్టె మీద?

"చూడలేదు చాచా" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "ఇప్పుడెక్కడుంది?" అని మాత్రం అడిగాడు.

"గోడౌన్లోనే. సాయంత్రం తీసుకెళ్తారు."

అన్నంలో చెయ్యైనా పెట్టకుండా లేచాను. చాచీ, "తినేసి ఎల్లు తల్లీ, పది నిమిషాలు" అంది. చాచా అనలేదు. వీధి చివర ఆటో ఎక్కాను. పోర్టు రోడ్డులో లారీల మధ్య ఆటో ఇరుక్కుపోయి కదలకపోతే దిగి, ఎండలో మిగతా దూరం నడిచాను. వాచ్‌మన్ చేత గది తాళం తీయించాను. తెల్ల లేబుల్‌ది అప్పటికే వెళ్లిపోయింది, పసుపుది ఒక్కటే ఉంది. రెండు గీతలు. కింద గడిలో అంకె, కాగితంలోని అంకె ఒకటే. అటు వైపుకి వెళ్లి చూశాను. అక్కడా రెండు గీతలే. సరుకు పేరు, బలం, అన్నీ ఒక్కటే. గుమ్మంలో కూర్చుని ఫోన్ చేశాను.

చాచీ ఎత్తింది. "ఏటైంది తల్లీ? ఈయన పళ్లెం ముందు అలాగే కూకున్నాడు. ముద్ద ముట్టట్లేదు" అని ఫోన్ ఆయనకిచ్చింది.

"సరిగ్గానే ఉంది చాచా. రెండు వైపులా చూశాను."

"దాని పక్కన ఎవరైనా కూకున్నారా?"

"లేదు. గదికి తాళం వేసే ఉంది."

ఫోన్లో ఆయన గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

"అయితే వచ్చెయ్యి. అన్నం సల్లారిపోతన్నాది."

నేను తిరిగి వెళ్లేసరికి నాలుగయింది. పళ్లేల మీద మూతలు బోర్లించి ఉన్నాయి. చాచీ పులుసు మళ్లీ వెచ్చబెట్టింది. ముగ్గురం అప్పుడు తిన్నాం.